మూత వేసిన పిమ్మట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సభలో అణు ఇంధనపు పెట్టెల ప్రసంగమేమని కొందరికి వింతగా తోచవచ్చును. పురాణ కాలక్షేపమునకో, కవితాగోష్ఠికో కూర్చున్నవారి ముందర ఉక్కు పీపాలను దొర్లించుట ఔచిత్యము కాదనియు అనవచ్చును. అయినను మియాపూరు వారికి ఈ విషయము పరాయిది కాదు. ఈ ఊరు హైదరాబాదు నగరమునకు వాయవ్యపు వాకిలి. 2017 నవంబరులో మెట్రో రైలు మొదటిసారి నడచిన దారికి ఒక కొన ఇచ్చటనే యున్నది. నగరమునకు ఆవలి కొనను, ఈశాన్య దిక్కున, మౌలాలి దాటిన పిమ్మట రెండు పెద్ద సంస్థలు ప్రక్కప్రక్కన వెలసియున్నవి. ఒకటి 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు. రెండవది 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. జనుల నోట ఈ.సీ.ఐ.ఎల్. దేశములోని అణు విద్యుత్ కేంద్రములలో హెచ్చు వానికి కావలసిన ఇంధనము మొదటి దానిలో తయారగును. ఆ కేంద్రములలో కొలతలు తీయు పరికరములు, అదుపుచేయు పరికరములు పెక్కు రెండవ దానిలో తయారగును. అనగా కట్టెయు, కట్టె కాలుచుండగా కనిపెట్టు కన్నును ఒకే ఊరి బిడ్డలు. ఆ కట్టె కాలిన పిమ్మట ఏమగును? దానిని దాచిన పెట్టెను ఎవరు, ఏ కన్నుతో కనిపెట్టుచుందురు? ప్రసంగమంతయు ఈ రెండు ప్రశ్నల చుట్టును తిరుగును.

ఇంధనమనగానే బొగ్గువలెనో, పెట్రోలువలెనో ఊహింపరాదు. శుద్ధిచేసిన యురేనియము ఆక్సైడును చిన్న చిన్న బిళ్ళలుగా అదిమి, కొలిమిలో కాల్చి గట్టిపరచి, జిర్కోనియము మిశ్రలోహపు సన్నని గొట్టములలో పేర్చి, రెండు చివరలను అతుకుదురు. అట్టి గొట్టములు 19 కూర్చినచో ఒక కట్ట. పొడవు సుమారు అర మీటరు. బరువు పదహారు కిలోలకు పైమాట. చెరకుగడల మోపునుండి మూరెడు ముక్క కోసి తీసినట్లుండును. 220 మెగావాట్ల రియాక్టరులో 306 నాళములు, నాళమొక్కింటికి 12 కట్టలు. వెరసి 3672 కట్టలు. అంతకంటె పెద్ద రియాక్టర్లకు 37 గొట్టముల కట్టలు కావలెను. హైదరాబాదులో బయలుదేరునప్పుడు చేతితొడుగు వేసికొన్న పనివాడు ఈ కట్టను ఎత్తి పెట్టెలో సర్దగలడు. రియాక్టరులో ఏడాదికి పైగా ఉండి వెలుపలికి వచ్చినప్పుడు అదే కట్టను అడ్డుగోడ లేక సమీపించినవాడు కొద్ది నిమిషములలో ప్రాణాంతకమైన వికిరణమునకు గురియగును. ఆకారము మారలేదు. తూచినను భేదము తెలియదు. మారినదంతయు లోపల మారినది.

తెలుగులో 'వాడిన' అను మాటకు రెండర్థములు. వాడిన పువ్వు వేరు, వాడిన వస్తువు వేరు. వాడిన ఇంధనము అన్నప్పుడు వినువానికి రెండర్థములును కలిసిపోయి, సత్తువ తీరినది, చల్లారినది అను భావము కలుగును. నిజము దీనికి విరుద్ధము. పువ్వు వాడిన పిమ్మట దానివలన భయము లేదు. ఈ ఇంధనము వాడిన పిమ్మటనే భయంకరమగును. రియాక్టరును ఆపివేసిన క్షణమున, నిండుగా నడచుచున్నప్పటి వేడిలో నూటికి ఆరేడు వంతులు ఇంధనములో పుట్టుచునే యుండును. ఒక దినము గడచునప్పటికి అది నూటికి అర వంతుకు దిగును. అర వంతే గదా అనుకొనరాదు. వందల మెగావాట్ల యంత్రములో అర వంతనగా కుండలు కావు, చెరువులే కాగును. తరువాత తగ్గుదల నెమ్మదించి, ఏండ్ల కొలది, తరముల కొలది సాగును. ఆర్పుటకు వీలులేని నిప్పు ఇది. దానిని చల్లగా ఉంచుట, కప్పి ఉంచుట, కనిపెట్టి ఉంచుట, ఈ మూడే మానవుని చేతిలో ఉన్నవి. ఇందు మొదటి రెండింటిని గూర్చి లోకము మిక్కిలి మాటలాడినది. మూడవది తరచు మరుగునపడును.

మొదటి మజిలీ నీటి కొలను. రియాక్టరు నుండి తీసిన కట్టలను లోతైన కాంక్రీటు కొలనులో నీటి అడుగున పేర్చుదురు. నీరు వేడిని లాగుకొనును, వికిరణమునకు అడ్డు నిలుచును, పైగా అద్దమువలె అడుగును చూపును. ఇట్టి గుణములు మూడును ఒక్కచోట కలిగి, చౌకగా దొరకు వస్తువు మరియొకటి లేదు. అయితే నీటికి ఒక దోషము కలదు. అది ఇగురును, సందు దొరికిన కారిపోవును. కావున కొలనులో నీటి మట్టమెంత, నీటి వేడియెంత, గట్టుమీద వికిరణమెంత, నీటిలో కరగిన ధాతువులేమి అను నాలుగింటిని రాత్రింబవళ్ళు కొలుచుచుండవలెను. నాలుగవది ఎందుకనగా, గొట్టమొకటి చిట్లినచో సీజియము మొదలగునవి నీటిలో కలియును. నీటి పరీక్షలో అది ముందుగా బయటపడును.

ఈ కొలుచు పరికరములనే సెన్సార్లు అందురు. మాట క్రొత్తదే గాని వస్తువు క్రొత్తది కాదు. ధాన్యమును పాతరవేయు ఆచారము ఇచ్చటి పెద్దలకు తెలియును. పాతర మూత తీసిన వెంటనే లోనికి దిగువాడు తెలివిగలవాడు కాడు. ముందు చెడుగాలి పోనిత్తురు. పిదప త్రాటికి దీపము కట్టి దింపుదురు. దీపము ఆరినచో మనిషి దిగడు. ఆ దీపమే సెన్సారు. మనిషి పోలేని చోటికి, పోరాని చోటికి తనకు మారుగా పంపి, అచ్చటి స్థితిని గట్టుమీదనే తెలిసికొనుటకు ఉపయోగించు వస్తువు ఏదైనను ఈ జాతిలోనిదే.

దీపము లేక పాతరలోనికి తొంగిచూచిన గతి పెద్ద దేశములకును పట్టినది. 2011 మార్చి 11వ తేదీన జపానులో భూకంపము వచ్చి, వెంటనే ఉప్పెన లేచి, ఫుకుషిమా దాయిచీ అణు విద్యుత్ కేంద్రము మునిగెను. విద్యుత్తు పోయెను. విద్యుత్తుతోపాటు కొలతలు చూపు ముండ్లలో పెక్కు నిలిచిపోయెను. నాలుగవ రియాక్టరు ఆనాడు నడచుటయే లేదు. మరమ్మతు కొరకు దానిలోని ఇంధనమునంతయు కొలనులోనికి మార్చియుండిరి. ఆ కొలనులో వాడినవి 1331, క్రొత్తవి 204, వెరసి 1535 ఇంధనపు కూర్పులు. మార్చి 15న ఆ భవనము పేలిపోయెను. నడవని రియాక్టరు భవనము ఏల పేలెను? కొలను ఎండి, ఇంధనము బయటపడి, దానినుండి హైడ్రోజను పుట్టియుండునని అనుమానము కలిగెను. మరునాడు అమెరికా అణు నియంత్రణ సంఘాధ్యక్షుడు తమ శాసనసభా సంఘము ముందర ఆ కొలనులో నీరు లేదనియే చెప్పెను. 80 కిలోమీటర్ల లోపల నున్న తమ దేశస్థులు వెడలిపోవలెనని అమెరికా హెచ్చరించెను. అదే దినమున హెలికాప్టరు నుండి చూచినవారికి కూలిన దూలముల నడుమ నీటి తళుకు కనబడెను. నీరున్నది! ఇంధనము మునిగియే యున్నది! హైడ్రోజను వచ్చినది ప్రక్కనున్న మూడవ రియాక్టరు నుండి, ఉమ్మడి గొట్టపు దారిని అని తరువాత తేలెను. మరమ్మతు కొరకు ప్రక్క గుంటలో నింపియుంచిన నీరు తలుపు సందులగుండ కొలనులోనికి చేరి దానిని కాపాడెననియు తెలిసెను. అది అదృష్టమే గాని ఏర్పాటు కాదు.

భారతము సభాపర్వమున మయసభ ఘట్టము చదివినవారికి ఇచ్చట దుర్యోధనుడు జ్ఞాపకమునకు రాకపోడు. నేలను నీరనుకొని వస్త్రము ఎగదోపుకొనెను. నీటిని నేలయనుకొని పడి తడిసెను. అతడు కన్నులు లేనివాడు కాడు. కన్ను చెప్పినదానిని సరిచూచుకొను సాధనము అతనికి లేకపోయెను. ఉన్న నీటిని లేదనుకొన్నందుకు జపానులో కొన్ని దినములు ఎంత శ్రమ, ఎంత భయము, ఎందరి పరుగు! ఇతర రియాక్టర్ల చెంతకు పోవలసిన చేతులు ఎన్నియో ఆ కొలను దిక్కునకు చూచుచు నిలిచిపోయెను. ఒక సామాన్యమైన మట్టపు కొలకోల, తనకు వేరుగా బ్యాటరీ కలిగి, ఆ గోడమీద ఉన్నచో ఈ కథలో సగము జరుగకపోవును. ఆ కొలనులోని ఇంధనమునంతయు 2013 నవంబరులో తీయ మొదలుపెట్టి 2014 డిసెంబరులో ముగించిరి.

2012 మార్చిలో అమెరికా అణు నియంత్రణ సంఘము తమ దేశములోని విద్యుత్ కేంద్రములకెల్ల ఒక ఉత్తర్వు పంపెను. కొలనులోని నీటి మట్టమును మూడు గురుతులవద్ద నమ్మదగినట్లుగా చూపవలెను: మామూలు మట్టమొకటి, గట్టుమీద మనిషి నిలువగలిగినంత మట్టమొకటి, ఇంధనము తల మునిగియుండు కట్టకడపటి మట్టమొకటి. కొలకోలలు రెండుండవలెను, ఒకటి చెడిన రెండవది పలుకవలెను. కరెంటు పోయినను పనిచేయవలెను. వీనిలో ఒక రకము పనిచేయు తీరు బావిలో చేద విడిచినట్లే యుండును. ఒక లోహపు తీగ కొలనులోనికి వ్రేలాడుచుండును. ఆ తీగవెంట రేడియో తరంగపు మెరుపునొకదానిని దింపుదురు. అది నీటి ముఖమును తాకి వెనుకకు మరలును. పోయిరాగా పట్టిన కాలమునుబట్టి నీరెంత లోతున నున్నదో లెక్క తేలును. ఆవిరి క్రమ్మినను, చీకటియైనను దీనికి అడ్డులేదు. లెక్క కట్టు భాగమును దూరముగా వేరొక గదిలో ఉంచవచ్చును.

కొలనులో కొన్ని ఏండ్లు చల్లారిన పిమ్మట ఇంధనమును పొడి పాత్రలలోనికి మార్చుటయు కలదు. వీనిని క్యాస్కులందురు. ఫుకుషిమాలోనే అట్టి క్యాస్కులు తొమ్మిది, వానిలో 408 కూర్పులు ఉండెను. ఉప్పెన వాని భవనములోనికి చొరబడి బురదతోను, చెత్తతోను నింపెను. తరువాత పరీక్షించి చూడగా పాత్రలు చెక్కుచెదరకుండెను. ఈ వార్త పత్రికలలో పెద్ద అక్షరములకు ఎక్కలేదు. చెడనిదానికి ప్రచారమెక్కడిది!

ఈ పాత్రలలో ఒక జాతి జర్మనీ మొదలగు దేశములలో వాడుకలో నున్నది. మూరెడు మందపు పోతయినుప గోడ. బరువు నూరు టన్నులకు పైన. నోటికి ఒకటి కాదు, రెండు మూతలు. రెండు మూతల నడుమ ఖాళీలో హీలియము వాయువును నింపి, దాని ఒత్తిడి పాత్రలోపలి ఒత్తిడికంటెను, వెలుపలి గాలి ఒత్తిడికంటెను హెచ్చుగా ఉంచుదురు. ఇందలి యుక్తి చూడుడు. లోపలి మూత కారినచో హీలియము లోనికి పోవును. బయటి మూత కారినచో బయటికి పోవును. ఎటు పోయినను నడుమనున్న ఒత్తిడి తగ్గును. అచ్చటనున్న మీట పడి, కాపలా గదిలో సూచన వెలువడును. ఏ మూత కారినను లోపలి విషము మాత్రము బయటికి రాదు. ఆ మీట తానే చెడిపోయినను సూచన వెలువడునట్లు అమర్చిరి. మౌనముగా చచ్చిపోవు కాపలావాడు దొంగకంటె అపకారి యని ఎరిగినవాడే దీనిని రచించియుండును.

రెండవ జాతి అమెరికాలో విస్తారముగా నున్నది. సుమారు ఒకటిన్నర సెంటీమీటరు మందము గల స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలో ఇంధనము పేర్చి, హీలియము నింపి, మూతను శాశ్వతముగా అతికివేసి, ఆ పాత్రను మందమైన కాంక్రీటు గూటిలో నిలుపుదురు. గూటికి క్రింద, పైన గాలి రంధ్రములుండును. చల్లగాలి క్రిందినుండి దూరి, పాత్రను తాకి వేడెక్కి, పైనుండి వెడలును. యంత్రము లేదు, పంకా లేదు. రంధ్రములలో ఆకులో, పిట్టగూళ్ళో చేరకుండ దినమున కొకమారు కంటితో చూడవలెను, లేదా పైరంధ్రపు గాలి వేడిని సెన్సారుతో కొలువవలెను. ఇంత ఘనమైన శాస్త్రమునకు కడపట కావలసివచ్చినది చూరుక్రింద పిట్టగూడు పెట్టినదా లేదా అని చూచు ఇంటి ఇల్లాలి చూపే.

అతుకు మూతకు ఒక లాభము, ఒక నష్టము. మూత ఊడదు, కాని రెండు మూతల నడుమ ఒత్తిడి చూచు ఉపాయము దీనికి లేదు. లోపలి సంగతిని బయటినుండియే గ్రహింపవలెను. ఆదిపర్వమున వారణావతములోని క్రొత్త ఇంట అడుగుపెట్టిన ధర్మరాజు గోడలను పగులగొట్టి చూడలేదు. నేయి, క్రొవ్వు, లక్క కలిసిన వాసనను పట్టి, ఇది కాలుటకే కట్టిన ఇల్లని భీమునికి చెప్పెను. అట్టి వాసన పట్టు విద్యయే ఇప్పుడు కావలసినది. జపాను విద్యుత్ పరిశ్రమల కేంద్ర పరిశోధనా సంస్థవారు ఒక చక్కని మార్గము చూపిరి. పాత్రలో ఒత్తిడితో నిండిన హీలియము క్రిందినుండి పైకి, పైనుండి క్రిందికి తిరుగుచు వేడిని తలభాగమునకు చేర్చుచుండును. హీలియము కారిపోయినచో ఈ తిరుగుడు మందగించును. తల చల్లబడును, అడుగు వేడెక్కును. కావున పాత్ర తలను ఒకటి, అడుగున ఒకటి వేడిని కొలుచు సెన్సార్లు ఉంచి, రెండింటి భేదము ఎట్లు మారుచున్నదో చూచుచుండినచో చాలును. మూత తెరువక, చిల్లి పొడువక, మణికట్టు పట్టి నాడి చూచినట్లే.

సముద్రతీరమున నున్న పాత్రలకు మరియొక గండము కలదు. ఉప్పుగాలి. గూటి రంధ్రములలోనికి పోవు గాలివెంట ఉప్పు రేణువులు పోయి పాత్రపై కూర్చుండును. పాత్ర మిక్కిలి వేడిగా ఉన్నంతకాలము ఉప్పు పొడిగానే యుండును; ఏ హానియు లేదు. ఏండ్లు గడచి పాత్ర చల్లారుకొలది గాలిలోని తేమను ఉప్పు పీల్చి చెమ్మగిలును. అతుకుల చెంత లోహములో బిగువు మిగిలియుండును. చెమ్మగిల్లిన ఉప్పు, బిగువుగల లోహము, ఈ రెండును కలిసినచోట సన్నని పగుళ్ళు పుట్టవచ్చును. చల్లారుట క్షేమమని సామాన్యుడు తలచును. ఇచ్చట చల్లారుటయే గండమునకు ఆరంభము. 2014లో కాలిఫోర్నియా తీరమున డయాబ్లో కాన్యన్ కేంద్రములోని పాత్రలను పరీక్షించినప్పుడు వానిపై సముద్రపు ఉప్పు కనబడెను. పగులు కాదు, ఉప్పు. అయినను ఎప్పుడు ఏ పాత్ర ఏ వేడికి దిగునో లెక్క వ్రాసికొనుట అప్పటినుండి మరింత ముఖ్యమైనది. సన్నని సందులో ప్రాకి పోవు చిన్న యంత్రములకు కెమెరాను, శబ్దతరంగములతో పగులు వెదకు సాధనమును కట్టి పంపుచున్నారు.

కాలిఫోర్నియాలోనే సాన్ ఒనోఫ్రె అను మరియొక చోట 2018 ఆగస్టు 3న జరిగినది సెన్సార్లను గూర్చి మాటలాడువారందరును చదువదగినది. సుమారు 50 టన్నుల పాత్రను గూటిలోనికి దింపుచుండిరి. పాత్ర అంచు లోపలి ఉక్కు వలయముమీద తట్టుకొని నిలిచిపోయెను. క్రింద పదునెనిమిది అడుగుల ఖాళీ. పైనున్నవారు పాత్ర అడుగునకు చేరినదనియే తలచి మోకులను వదులు చేసిరి. ముప్పావు గంటకు పైగా ఆ పాత్రను మోకులు మోయుటలేదు, నేల మోయుటలేదు. వ్రేలెడు అంచు మోయుచుండెను. దీనిని పట్టినదెవరు? వికిరణమును కొలుచు ఉద్యోగి. పాత్ర పూర్తిగా దిగినచో చేతిలోని పరికరము చూపవలసిన అంకె ఒకటి. అది చూపుచున్న అంకె మరియొకటి. ఈ అంకెలు పొసగుటలేదని అతడు చెప్పగా, పై అధికారి మోకుల బరువు సంగతి గమనించి, పాత్రను మరల ఎత్తించి, సరిగా దింపించెను. ఎవరికిని హాని కలుగలేదు. మరు సంవత్సరము నియంత్రణ సంఘము ఆ సంస్థకు 1,16,000 డాలర్లు జరిమానా వేసెను. బరువు తెలుపు సాధనములు, కెమెరాలు అటుపిమ్మట అమర్చిరి. జమాఖర్చులు వ్రాయువారికి ఈ కథ సులభముగా బోధపడును. జమ తప్పినను కనబడదు, ఖర్చు తప్పినను కనబడదు. నిలువ పొసగనప్పుడే తప్పు దొరకును.

సెన్సారులేమైనను చిరంజీవులు కావు. వికిరణము వానిని కూడ తినివేయును. తీగలపై తొడుగు పెళుసై రాలును. గాజునార నల్లబడి వెలుగును పోనీయదు. ట్రాన్సిస్టర్లు మతి తప్పును. పాత్ర నూరేండ్లు నిలువవలసియుండగా దానిపై కన్ను పదేండ్లకే పొరలు గ్రమ్మినచో లాభమేమి? అందుచేత పాత్రచెంత మోటు వస్తువులనే ఉంచి, సుకుమారములను దూరమున ఉంచుట పద్ధతి. రెండు వేర్వేరు లోహపు తీగలను ఒక కొనను కలిపినచో, వేడినిబట్టి వానిలో స్వల్ప విద్యుత్తు పుట్టును. దానినిబట్టి వేడి తెలియును. ఇంతకంటె మోటైన సాధనము లేదు, ఇంతకంటె నమ్మదగినదియు అరుదు. లోపలనే సెన్సారు ఉంచవలెనన్నచో తీగ బయటికి వచ్చుటకు మూతకు చిల్లి పొడువవలెను. కాపలా కొరకు గోడకు కన్నము వేసినట్లగును. కావున చిల్లి లేకుండ ఉక్కు గోడగుండనే శబ్దతరంగములతో సమాచారము పంపు విధానములను, పాత్ర వేడినుండియే సెన్సారునకు కావలసిన విద్యుత్తు పుట్టించు విధానములను పరిశోధకులు పరీక్షించుచున్నారు. ఇవి ఇంకను ప్రయోగశాలల గడప పూర్తిగా దాటలేదు.

తెలుగు దేశమునకు ఈ విద్యతో పాత బంధుత్వము కలదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయములో చదివి, అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో పైచదువు ముగించి, హోమీ భాభాగారి చెంత ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగమును పెంచిరి. 1956లో ఆసియాలోనే మొదటిదను పేరుగన్న అప్సర రియాక్టరు నడచినప్పుడు దానిని అదుపుచేయు పరికరములు వారి విభాగమున రూపొందినవే. 1967లో హైదరాబాదున ఈ.సీ.ఐ.ఎల్. వెలసినప్పుడు దానికి తొలి సారథి వారే. ఆ సంస్థ చేసిన ఈ.సీ. టీవీ పెట్టెలముందు కూర్చున్న జ్ఞాపకము ఈ సభలో నెరసిన తలలకు ఉండియే యుండును. టీవీ పెట్టె జనులకు కనబడినది. వికిరణమును కొలుచు పెట్టె కనబడలేదు. అందుచేత ఏ.ఎస్.రావు నగరము అను పేరు బస్సు బోర్డుమీద చదువువారిలో ఆయన ఎవరో ఎరిగినవారు తక్కువ. మాదాపురమునందును, గచ్చిబౌలియందును అంకెల గుట్టలలోనుండి పొసగని అంకెను పట్టు ప్రోగ్రాములు వ్రాయు యువకులు మియాపూరు ఇండ్లలో నేడు ఎందరో కాపురమున్నారు. సాన్ ఒనోఫ్రెలో ఆ ఉద్యోగి చేసిన పనియు, వీరు నేర్చిన పనియు జాతి ఒక్కటే.

భారతదేశము వాడిన ఇంధనమును కడపటి చెత్తగా ఎంచక, దానిని శుద్ధిచేసి పనికివచ్చు ధాతువులను తిరిగి రాబట్టు మార్గమును ఎంచుకొన్నది. ట్రాంబే, తారాపూరు, కల్పాక్కములలో అట్టి కర్మాగారములు వెలసినవి. రాబట్టగా మిగిలిన ఘోరమైన ద్రవమును గాజుతో కరిగించి, ఉక్కు పాత్రలలో పోసి, తారాపూరులో గాలి ఆడు నేలమాళిగలో నిలువచేయుదురు. ఆ స్థలము పేరులోనే నిలువతోపాటు కనిపెట్టుట అను మాటయు చేరియున్నది. పేరు పెట్టినవారు తెలివిగలవారు. శుద్ధికి పోవువరకు కొలనులును, రాజస్థానములో రావత్‌భాటాయొద్ద కాంక్రీటు క్యాస్కులును ఉన్నవి. కల్పాక్కములో 2004 డిసెంబరు 26న ఉప్పెన నీరు సముద్రపు పంపుల గదిలోనికి రాగా, నడచుచున్న రెండవ రియాక్టరును ఆపివేసిరి. 2005 జనవరి 2న మరల నడపిరి. తమిళదేశమున కూడంకుళములో వాడిన ఇంధనమునకు వేరుగా నిలువ కట్టడము నిర్మించు ప్రతిపాదనపై 2019లో ప్రజాభిప్రాయ సభ ప్రకటింపబడి, జనుల అభ్యంతరముల నడుమ వాయిదా పడెను. అభ్యంతరము చెప్పిన పల్లెవారిని తెలియనివారని కొట్టివేయుట తగదు. మూత వేసిన పాత్రను గూర్చి అడుగవలసిన ప్రశ్నలు పాత్ర చేసినవానికంటె పాత్ర ప్రక్కన నివసించువానికే ముందుగా తోచును.

ఇక లెక్కల సంగతి. తెలంగాణములో పట్వారీ పద్ధతియు, కోస్తాలో కరణీకమును 1984లో రద్దయినవి. అయినను 1954-55 నాటి ఖాస్రా పహాణీ నేటికిని భూమి తగవులలో ప్రమాణముగా చూపబడుచున్నది. మియాపూరు వారికి ఈ విషయము వేరుగా చెప్పనక్కరలేదు. పాత కాగితములోని ఒక్క గడి తప్పినచో ఎన్ని ఏండ్లు న్యాయస్థానముల మెట్లు ఎక్కవలెనో వారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. డెబ్బది ఏండ్లనాటి భూమి లెక్కకే ఇంత పాటు పడవలసియున్నప్పుడు, నూరేండ్లు నిలువవలసిన పాత్ర లెక్కను ఎవరు, దేనిమీద వ్రాయుదురు? సెన్సారు చూపిన అంకె కంప్యూటరులో చేరును. పది పదిహేనేండ్లకు ఆ కంప్యూటరును చదువు యంత్రమే దొరకదు. మొదటి దినపు వేడి ఎంతయో తెలియనిచో నూరవ ఏటి వేడి హెచ్చో తగ్గో చెప్పుటకు వీలులేదు. పాత్ర తల వేడికి, అడుగు వేడికి భేదము మారినదని అనుటకును పాత భేదము వ్రాసియుండవలెను గదా. ఈ చిక్కు ఎరిగియే అభివృద్ధిచెందిన దేశముల అణుశక్తి సంస్థ 2011 నుండి 2018 వరకు, తరతరములకు ఈ జ్ఞాపకమును అందించుట ఎట్లు అను విషయముపై పలు దేశముల వారిని కూర్చి ఆలోచన చేయించెను. ఒకే చోట, ఒకే రూపమున ఉన్న లెక్క నిలువదనియు, సామాన్యుడు చదువగల క్లుప్తమైన పత్రమొకటి వేరుగా సిద్ధపరచవలెననియు వారు తలచిరి.

శ్రీకాకుళము జిల్లాలో సముద్రపుటొడ్డున కొవ్వాడయొద్ద పెద్ద అణు విద్యుత్ కేంద్రము కట్టవలెనను ప్రతిపాదన కలదు. అచ్చట జాలరుల పల్లెలు కలవు, ఉప్పుగాలి కలదు. ఎన్నడైనను అచ్చట రియాక్టరు నడచినచో, వాడిన ఇంధనము తీరముననే కొంతకాలమైనను నిలువయుండక తప్పదు. ఆ ఊరివారు సభలో లేచి అధికారులను అడుగదగిన మాటలు కొన్ని ఉన్నవి. పాత్రకు మూతలెన్ని? వాని నడుమ ఒత్తిడి చూచు మీట కలదా, లేక అతుకు మూతయా? అతుకు మూతయైనచో ఉప్పు చెమ్మగిల్లు వేడికి పాత్ర ఏ సంవత్సరమున దిగును? కొలనుకు కొలకోలలెన్ని, కరెంటు పోయిన రాత్రి అవి ఏ బ్యాటరీతో, ఎన్ని గంటలు పలుకును? ఆ అంకెలు వ్రాయు పుస్తకము ఎచ్చట ఉండును? దాని నకలొకటి ఊరి గ్రంథాలయమునకు పంపుదురా?